కోరపన్ను పూడిక

నేను అబద్ధాలకోరునని మా వీధిలో ఒక పుకారు ఉంది. దాన్ని పుట్టించింది మా ఆవిడే. నిజానికి నేను అబద్ధం చెప్పను, జరిగినదానికి కాస్త గాలి కొడతాను. గాలి లేని సైకిలు ఎవరైనా ఎక్కుతారా చెప్పండి!

నలభై రెండేళ్ళు బావుల్లో పూడిక తీసి బతికాను. బావి తవ్వినవాడి పేరు అందరూ చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న బురద, తెగిపడ్డ చేదలు, జారిపడ్డ రాళ్ళు ఎత్తి బయట పోసినవాణ్ణి మాత్రం ఎవరూ తలుచుకోరు. అందుకని నన్ను నేనే తలుచుకుంటూ ఉంటాను. నేను దిగిన బావుల్లో ఒకటి ఎంత లోతంటే, పెళ్ళయిన కొత్తలో అందులో రాయి వేస్తే మా అమ్మాయి పుట్టిన రోజుకి గానీ బుడుంగుమని చప్పుడు వినిపించలేదు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా ఆవిడ, "ఆ రాయేదో నా నెత్తిన వేసి ఉంటే ఇన్నిసార్లు ఈ కథ వినే బాధ తప్పేది" అంటుంది.

కథలు చెప్పడానికి నోరొక్కటే చాలదు, నోట్లో పళ్ళుండాలి. కింది దవడలో నాకు మిగిలినవి ఐదు. నాలుగు కుడివైపు బారుగా నిలబడ్డాయి. ఎడమవైపు ఒకే ఒక్క కోరపన్ను. మిగతా ఖాళీ అంతా కట్టుడు పళ్ళ ప్లేటు. ఆ ప్లేటుకి రెండు తీగ కొక్కేలుంటాయి. ఒకటి కుడివైపు పన్నుని పట్టుకుంటే, రెండోది ఈ కోరపన్నుని కౌగిలించుకుని ఉంటుంది. కోరపన్ను పోతే ప్లేటుకి ఎడమవైపు దిక్కు లేదు. ఒకసారి ఆ కొక్కెం వదులైనప్పుడు రుచి చూశాను. పదిమంది మధ్య కూర్చుని, నేను బావిలో దిగగానే తాడు తెగిన ఘట్టం చెబుతున్నాను. "ఢామ్మని..." అన్నానో లేదో, ప్లేటు ఎగిరి రిటైర్డు డ్రిల్లు మాస్టారి టీ గ్లాసులో పడింది. తాడు తెగాక నేను ఎలా బతికానో ఈనాటికీ వాళ్ళెవరూ అడగలేదు. అంతకంటే అవమానం ఉంటుందా?

అలాంటి కోరపన్ను కింద, చిగురు మీద ఆవగింజంత పొక్కు లేచింది. నొప్పి లేదు. నాలుకతో నొక్కితే ఏదో ఉప్పగా తగిలేది. రెండు నెలలు దాన్ని నాలుకతోనే పలకరిస్తూ గడిపాను. మూడో నెలలో మా ఆవిడ చూసింది.

"నోరు తెరవండి. ఏంటది?"

"ఏముంది, మొలక. కొత్త పన్ను వస్తోంది."

"డెబ్బై ఆరేళ్ళకి కొత్త పన్నా? పదండి పిట్ట దగ్గరికి."

పిట్ట అంటే మా అమ్మాయి కూతురు. చిన్నప్పుడు గింజ గింజా ఏరుకుని తినేది కాబట్టి ఆ పేరు పెట్టాను. ఇప్పుడు పళ్ళ డాక్టరు. ఒక పెద్ద డాక్టరుగారి ఆసుపత్రిలో ఆయన కింద పనిచేస్తోంది. ఆ కోరపన్నుకి మూడేళ్ళ క్రితం వేరువైద్యం చేసింది కూడా అదే. రూట్ కెనాల్ అంటారు కదా, అది. అప్పటికింకా చదువుకుంటోంది. పన్ను లోపల చచ్చిన నరాన్ని తీసేసి, ఆ సన్నటి కాలువ నిండా గులాబీరంగు రబ్బరు పుల్ల దూర్చి మూసేసింది.

ఆసుపత్రిలో పిట్ట నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, పొక్కు చూసి, ఎక్స్‌రే తీసింది. తెర మీద నా పన్ను తాటికాయంత పెద్దదిగా కనిపించింది. మధ్యలో తెల్లటి గీత. ఆ గీత పన్ను వేరు చివరికి వచ్చి ఆగకుండా, ఇంకాస్త దిగి ఎముకలోకి దూరింది. దాని చుట్టూ కందిగింజంత నల్లటి మచ్చ.

ఎప్పుడూ గలగలమనే పిల్ల తెర వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఈలోగా పెద్ద డాక్టరుగారు వచ్చారు. బక్కపలచటి మనిషి, మాట కూడా పొదుపే.

"రబ్బరు వేరు దాటింది. చీము పట్టింది. పెద్దాయనా, దీన్ని తీసేద్దాం."

నాకు ప్లేటూ, టీ గ్లాసూ కళ్ళముందు తిరిగాయి. "డాక్టరుగారూ, అది పోతే నేను మూగవాణ్ణయిపోతానండీ."

"దేవుడు ఇన్నాళ్ళకి నా మొర విన్నాడు" అంది మా ఆవిడ. కానీ చెయ్యి మాత్రం నా భుజం మీదే ఉంది.

పిట్ట అప్పుడు నోరు విప్పింది. "సార్, మళ్ళీ తెరిచి చూస్తాను. పాత రబ్బరంతా తీసేసి, శుభ్రం చేసి మళ్ళీ నింపితే మానుతుంది."

"తీయడం తెలుసులే. ఆ బయటికి పొడుచుకొచ్చిన తోక సంగతేంటి? లాగేటప్పుడు తెగిందనుకో, ఎముకలోనే ఉండిపోతుంది. ఈయన వయసుకీ, షుగరుకీ దవడ కోసి తీయడం నాకిష్టం లేదు."

"ఒక్కసారి ప్రయత్నిస్తాను సార్."

ఆయన మరోసారి తెర చూశారు. "గురువారం పొద్దున్న. పన్నెండు గంటలకల్లా తోక రాకపోతే పన్ను పీకేస్తాను. చీముతో ఉంచడానికి వీల్లేదు. సరేనా పెద్దాయనా?"

సరే అనక ఏం చేస్తాను!

బుధవారం సాయంత్రం డ్యూటీ నుంచి పిట్ట నేరుగా మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీదే కూర్చుంది. నేను కుర్చీలో, మా ఆవిడ గుమ్మంలో.

"తాతా, నీకో మాట చెప్పాలి. ఆ పన్ను పాడుచేసింది నేనే."

"ఊరుకోవే. పన్ను పాడుచేసింది నా పొగాకు."

"నవ్వులాట కాదు తాతా. అప్పుడు రబ్బరు దూర్చాక తీసిన ఎక్స్‌రేలోనే తోక కనిపించింది. కాలేజీలో మా మేడం 'ఉండనీ, చూద్దాం' అన్నారు. నీకు చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు." గోరుతో మెట్టు అంచు గీకుతూ కూర్చుంది. "అప్పట్నుంచీ నాకో జబ్బు పట్టుకుంది. ఎవరి పన్ను ముట్టుకున్నా, వేరు చివరికి వస్తున్నానంటే చెయ్యి ఆగిపోతుంది. దాటేస్తానేమోనని కొస దాకా వెళ్ళకుండానే ఆపేస్తున్నాను. అలా ఆపితే కింద మురికి మిగిలిపోతుంది. సారు రెండుసార్లు పట్టుకున్నారు. కష్టమైన కేసులు నాకివ్వడం మానేశారు. నీ విషయంలో నా లెక్క అంత తప్పుగా ఎలా పోయిందో ఎన్నిసార్లు ఆలోచించినా అర్థం కాదు. పొడవు చూపించే మిషను ఆ రోజు వేరేవాళ్ళ దగ్గరుంది, నిజమే. కానీ ఎక్స్‌రే తీశాను. పైగా నీ వేలుంది కదా అనుకున్నాను."

వేలు అనగానే నా వీపు చల్లబడింది.

ఆ రోజు పిట్ట నాకు మత్తు ఇవ్వలేదు. పన్నులో ప్రాణం లేదు కాబట్టి అక్కర్లేదంది. "తాతా, సూది పన్ను లోపల ఉన్నంతసేపు నీకేం తెలియదు. వేరు చివర దాటితే మాత్రం చురుక్కుమంటుంది. అనగానే వేలెత్తు" అని మరీ మరీ చెప్పింది. నేను తలూపాను. కానీ కుర్చీ చుట్టూ పిట్టతో చదువుకునే ఆడపిల్లలు ముగ్గురు నిలబడి ఉన్నారు. అంతకు పది నిమిషాల ముందే వాళ్ళకి నా తేలు కథ చెప్పాను. బావి అడుగున నన్ను తేలు కుట్టిందనీ, నాకేమీ కాలేదనీ, తేలే మంటకి ఓర్చుకోలేక నీళ్ళలో దూకిందనీ. ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. అలాంటి మొనగాణ్ణి, ఇంత సూదికి వేలెత్తడమా?

"ఏంటి, రంగు మారింది?" అంది మా ఆవిడ. యాభై ఏళ్ళుగా నా మొహం చదువుతున్న మనిషి.

"ఏం లేదు. ఆ వేలు సంగతే ఆలోచిస్తున్నా. ఆ రోజు నా వేలికి వాతం..."

"తాతా!" అంది పిట్ట.

నేను చాలా లోతైన బావుల్లో దిగాను. గాలాడని బావులున్నాయి, దీపం ఆరిపోయే బావులున్నాయి. ఆ మెట్టు మీద కూర్చున్న పిల్ల ముందు నోరు తెరవడం కంటే అవన్నీ సులువు.

"చురుక్కుమంది" అన్నాను.

"ఎప్పుడు?"

"అప్పుడే. సూది దాటగానే తెలిసింది. గట్టిగానే పొడిచింది. నేనే వేలెత్తలేదు."

"ఎందుకెత్తలేదు?"

"ఆ పిల్లలు చూస్తున్నారు కదే."

పిట్ట లేచి నిలబడింది. నా మనవరాలు నా మీద అరవడం అదే మొదలు. "మూడేళ్ళు తాతా! మూడేళ్ళ నుంచి నా చేతుల్ని నేనే తిట్టుకుంటున్నాను. పళ్ళ డాక్టరు పని మానేసి ఏ మందుల షాపులోనో కూర్చుందామనుకున్నాను. నువ్వేమో ముగ్గురు ఆడపిల్లల ముందు పోజు కొట్టడానికి..."

"తిట్టవే, ఇంకా తిట్టు" అంది మా ఆవిడ. "నా వంతు రాత్రికి ఉంచు."

నేను తల దించుకున్నాను. గాలి కొట్టడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. పిట్ట గేటు దాకా వెళ్ళింది. ఇక వెళ్ళిపోయిందనే అనుకున్నాను. గేటు పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వచ్చింది.

"ఎక్స్‌రే చూసి కూడా నీకు చెప్పకుండా దాచింది నేను. చురుక్కుమన్నా చెప్పకుండా దాచింది నువ్వు. ఇద్దరం ఇద్దరమే. రేపు కూడా మత్తు ఇవ్వను తాతా. పాత రబ్బరు అడ్డంగా ఉన్నంతసేపు ఆ మిషను పొడవు సరిగ్గా చూపించదు. నీ వేలే నాకు గతి. ఈసారి తేలు కుట్టినా, చీమ కుట్టినా ఉన్నదున్నట్టు చెప్పాలి."

"ఒట్టు" అన్నాను.

"మీ ఒట్లు తెలియనివా" అంటూ మా ఆవిడ లోపలికి వెళ్ళింది, మనవరాలికి మంచినీళ్ళు తేవడానికి.

గురువారం పదింటికి కుర్చీ ఎక్కాను. ముందు నా నోటి మీద ఒక ఆకుపచ్చ రబ్బరు తెర కప్పారు. దానికి చిల్లు పెట్టి కోరపన్ను ఒక్కదాన్నే బయటికి తీసి, చిన్న బిగింపు తగిలించారు. నోరు తెర కింద ఉండిపోయింది. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు. పిట్టకి సాయం చేసే సిస్టరమ్మ గడుసు మనిషి. "ఈ తెర ఇంటికి కూడా ఇవ్వమని అమ్మగారు అడిగారు తాతగారూ" అంది. బదులివ్వడానికి నాకు నోరు లేదని తెలిసే అంది.

పిట్ట నుదుటి మీది భూతద్దాలు కళ్ళ మీదికి దించుకుని పని మొదలుపెట్టింది. పన్ను వెనకవైపు సిమెంటు తీసి దారి చేసింది. తర్వాత కొస వేడెక్కే ముల్లు ఒకటి అందుకుంది. అది రబ్బరులో దిగగానే కమురు వాసన వచ్చింది. బయటికి తీసినప్పుడల్లా దాని కొసకి గులాబీరంగు ముద్ద అంటుకుని వచ్చేది. సిస్టరమ్మ దాన్ని గుడ్డకి తుడిచేది.

నేను వేలెత్తాను. ఇద్దరూ ఉలిక్కిపడి ఆగారు.

"నొప్పా తాతా?"

కాదని ముక్కు చూపించాను. దురద.

"ఆ వేలు నొప్పికి తాతగారూ, ముక్కుకి కాదు" అని సిస్టరమ్మ నా ముక్కు గోకింది, అవసరమైనదానికంటే గట్టిగా.

ఐదు నిమిషాలకి మళ్ళీ ఎత్తాను. ఈసారి నిజంగా ఏదో అయినట్టనిపించింది. తీరా చూస్తే కాలు తిమ్మిరి. నిజాయితీ అలవాటు లేని మనిషికి కొత్తలో కొలత తెలియదు. అంతా చెప్పేద్దామనిపిస్తుంది.

సగం దాకా రబ్బరు వచ్చాక సిస్టరమ్మ ఒక చిన్న సీసా పట్టుకుంది. "నూనె చుక్క వెయ్యమంటారా మేడం? రబ్బరు త్వరగా కరుగుతుంది."

"వద్దు సిస్టర్. పై సగానికే అయితే వేసేదాన్ని. ఇప్పుడు వేస్తే మెత్తబడి తోక దగ్గర తెగిపోతుంది. గట్టిగా ఉంటేనే మొత్తం కలిసొస్తుంది."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బావి అడుగున బురదలో కూరుకుపోయిన గొలుసుని తీయడం ఇలాగే ఉంటుంది. పైనుంచి గుంజితే తెగుతుంది. నీళ్ళు కొట్టి గుల్ల చేస్తే ఇంకా లోపలికి దిగుతుంది. గొలుసుకీ గోడకీ మధ్య సందు చూసుకుని, పాతాళగరిగె కొక్కేన్ని ఆ సందులోంచి కిందికి జార్చి, అడుగున తగిలించి, నిదానంగా ఎత్తాలి. ఎవరూ నేర్పని ఆ పనిని నేను ఐదు బావులు చెడగొట్టి నేర్చుకున్నాను. పిట్ట చేతిలోకి తీసుకున్న పుల్ల చూస్తే, అచ్చం వెంట్రుకంత పాతాళగరిగె. దాని ఒళ్ళంతా వెనక్కి తిరిగిన పళ్ళు, చేపముల్లుకి ఉన్నట్టు. రబ్బరుకీ పన్ను గోడకీ మధ్య దాన్ని మెల్లగా దూర్చి, పావు చుట్టు తిప్పి, తిన్నగా పైకి లాగింది.

పొట్టు వచ్చింది. ఇంకోసారి లాగింది. ఈసారి వేలి గోరంత పొడవు ముక్క వచ్చింది. సిస్టరమ్మ "హమ్మయ్య" అంది. పిట్ట దాన్ని స్కేలు పక్కన పెట్టి భూతద్దంలో చూసింది. కింది కొస మొద్దుగా తెగి ఉంది. తోక లేదు.

ఎక్స్‌రే తీశారు. పన్నంతా ఖాళీ. అట్టడుగున చిన్న తెల్ల ముక్క మిగిలింది, సగం వేరు లోపల, సగం ఎముకలో. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

పెద్ద డాక్టరుగారు తలుపు తోసుకుని వచ్చి తెర చూశారు. "మిగిలింది కొసముక్కేగా? ఇంక పట్టుకోవడానికి పైన ఏమీ లేదు. తగిలించబోతే బయటికి తోసేస్తావు. ఆపెయ్యమ్మా. ఇంతవరకు బాగానే చేశావు."

పిట్ట చేతిలో పుల్ల పట్టుకుని నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బావిలో సగం దిగి, పైకి రానా, కిందికి పోనా అని అడిగే చూపు అది. నేను రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, కుర్చీలో ఇంకాస్త కిందికి జారి సర్దుకున్నాను. ఆపైన గట్టిగా ఏదో అన్నాను కూడా.

"ఏమంటున్నారాయన?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది సార్" అంది సిస్టరమ్మ. "లేవనంటున్నారని నా అనుమానం."

ఆయన గడియారం చూసి, "పన్నెండు" అని తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

పిట్ట కొత్త పుల్ల తీసింది. అన్నిటికంటే సన్నది. దాని కొసని పటకారుతో రవ్వంత వంచింది. "తాతా, ఇప్పుడు వేరు చివర దాటి, తోక పక్కనుంచి వెంట్రుకవాసి బయటికి వెళ్ళాలి. అప్పుడే కొక్కెం పడుతుంది. తక్కువ వెళ్తే పట్టదు, ఎక్కువ వెళ్తే తోక అవతలికి పోతుంది. చురుక్కుమన్న క్షణంలోనే ఎత్తు. ముందూ వద్దు, వెనకా వద్దు."

చెయ్యి మళ్ళీ కుర్చీ చేతి మీద పెట్టి, కనురెప్పలు ఆర్పి సరేనన్నాను.

పుల్ల దిగింది. పిట్ట రెండు వేళ్ళ మధ్య దాన్ని అటు కాస్త, ఇటు కాస్త తిప్పుతూ దించుతోంది. నాకేమీ తెలియడం లేదు. ఇంకాస్త దిగింది. ఏమీ లేదు. అక్కడ దాని చెయ్యి ఆగిపోయింది. మూడేళ్ళుగా ఆగుతున్న చోటే ఆగింది కాబోలు. మాస్కు పైనుంచి పిట్ట కళ్ళు నా వేలి వైపు తిరిగాయి.

నాకు ఎత్తాలనిపించింది. నిజం చెబుతున్నాను, భయంతో ఎత్తేద్దామనిపించింది. ఎత్తితే అది ఆపేస్తుంది, లాగితే ఏదో ఒకటి వస్తుంది, రాకపోతే పన్ను పోతుంది, గొడవ వదిలిపోతుంది. కానీ ఏమీ తెలియలేదు కదా! వేలు కుర్చీ చేతికి ఆనించి అలాగే ఉంచాను. ఎత్తకుండా ఉండటమే ఆ క్షణంలో నేను చెప్పగలిగిన నిజం.

పిట్ట ఊపిరి వదిలింది. పుల్ల ఇంకో రవ్వ దిగింది.

చురుక్!

వేలు లేచింది. పిట్ట చెయ్యి ఆగింది. సరిగ్గా పావు చుట్టు తిప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తేలుకీ దీనికీ పోలికే లేదు, తేలు నయం. "అయిపోయింది తాతా, కదలకు, ఊపిరి పీల్చు" అంటూ పిట్ట పైకి లాగడం మొదలుపెట్టింది. ఎంత నిదానంగా లాగిందంటే నేను ఊపిరి మూడుసార్లు పీల్చి వదిలాను. పుల్ల బయటికి వచ్చింది. దాని కొసన అంటుకుని చిన్న గులాబీ ముక్క. ముక్క చివర, మెంతిగింజ మొలకెత్తినప్పుడు దిగే వేరులా, సన్నగా వంకర తిరిగిన తోక.

సిస్టరమ్మ తెల్లటి గుడ్డ ముక్క పట్టుకుంటే పిట్ట దాన్ని అందులో పడుకోబెట్టింది. మళ్ళీ ఎక్స్‌రే. వేరు లోపలా లేదు, ఎముకలోనూ లేదు. నల్ల మచ్చ ఒక్కటే ఉంది.

పెద్ద డాక్టరుగారు పన్నెండుకి ఐదు నిమిషాలుండగా వచ్చారు. ఆయన చేతిలో పన్ను పీకే పటకారు లేదు, అది నేను ముందే చూసుకున్నాను. గుడ్డలోని ముక్కని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూశారు. "తోకతో సహా వచ్చింది" అన్నారు. కాస్త ఆగి, "చివరిదాకా వెళ్ళావన్నమాట" అన్నారు పిట్టతో. పొదుపు మనిషి దగ్గర్నుంచి అంతకంటే ఏం వస్తుంది! పిట్ట మొహం మాత్రం పండగలా వెలిగిపోయింది.

కాలువ కడిగి, లోపల తెల్లటి మందు పెట్టి, మూసి, నా నోటి తెర తీశారు. అందరూ నా వంక చూశారు, ఏం కోతలు కోస్తానో అని. ఇరవై రకాల మాటలు గొంతులో తోసుకున్నాయి.

"నొప్పి పుట్టిందే పిట్టా" అన్నాను.

అది మాస్కు లాగేసి, నా భుజం మీద తల పెట్టి నవ్వింది. నవ్వో ఏడుపో, నా చొక్కా అయితే తడిసింది.

రెండు వారాలకి పొక్కు మాయమైంది. నాలుకకి పలకరించడానికి ఏమీ దొరక్క కొన్నాళ్ళు తోచలేదు. పిట్ట మిషను పెట్టి పొడవు కొలిచి, మళ్ళీ కొత్త రబ్బరు నింపింది. ఈసారి తెల్ల గీత వేరు చివరికి ముందే బుద్ధిగా ఆగింది. ప్లేటు కొక్కెం ఎప్పటిలా కోరపన్నుని పట్టుకుంది. డ్రిల్లు మాస్టారు ఇప్పుడు నా పక్కనే కూర్చుంటున్నారు, గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఐదు నెలల తర్వాత చూపించుకోవడానికి వెళ్ళాను. కొత్త ఎక్స్‌రేలో నల్ల మచ్చ సగానికి తగ్గింది. అంచుల నుంచి తెల్లబడుతూ వస్తోంది. "ఎముక మళ్ళీ పూడుతోంది తాతా. ఇంకో ఏడాదికి మొత్తం నిండుతుంది" అంది పిట్ట. బతుకంతా పూడిక తీసినవాణ్ణి, ఏదో పూడుతోందంటే సంబరపడటం నాకదే మొదటిసారి. దాని బల్ల మీద ఫైళ్ళు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. ఏమిటివని అడిగితే, "కష్టమైనవి. సారు నాకే ఇస్తున్నారు" అంది, విసుక్కుంటున్నట్టు. ఆ విసుగు ఎలాంటిదో నాకు తెలియదా!

బయట బెంచీ మీద మా ఆవిడ మందుల చీటీ చూస్తూ కూర్చుంది. ఆవిడ పక్కన చోటు లేక ఎదుటి బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. మెలితిప్పిన మీసం, తలుపంత ఛాతీ, వాచిన బుగ్గ.

"ఏం తమ్ముడూ, ఏ పన్ను?" అన్నాను.

"దవడపన్ను బాబాయ్. ఎప్పుడో నింపింది పాడైందంట. మళ్ళీ తవ్వాలంట. ఇక్కడి డాక్టరమ్మ మత్తు లేకుండా చేస్తుందన్నారు, నిజమేనా?"

"పన్నునిబట్టి. అవసరమైతే ఇస్తుంది."

"ఇచ్చినా ఇవ్వకపోయినా నాకొకటే లెండి" అని మీసం దువ్వుకున్నాడు. "నాకు నొప్పంటే తెలియదు బాబాయ్. ఒకసారి నడుస్తున్న ఇంజన్లో చెయ్యి పడింది. నేను కిక్కురుమనలేదు. ఇంజనే ఆగిపోయింది."

నాకు ముచ్చటేసింది. ఇన్నాళ్ళకి నా సాటి మనిషి దొరికాడు. గాలి కొట్టడంలో నన్ను మించేలా ఉన్నాడు. అవతలి బెంచీ నుంచి మా ఆవిడ తలెత్తి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంజను కథ బాగుంది. ఇక్కడ కూర్చున్నంతసేపు చెప్పు, వింటాను. చక్రాలు కూడా ఊడాయని కలుపుకో, ఇంకా రక్తి కడుతుంది" అన్నాను. "ఆ తలుపు దాటాక మాత్రం చెప్పకు. కుర్చీలో డాక్టరమ్మ వేలెత్తమంటుంది. నొప్పి పుడితే ఎత్తు, పుట్టకపోతే దించే ఉంచు. నీ పన్ను లోపల ఏముందో ఆ పిల్లకి కనిపించేది సగమే. మిగతా సగం నువ్వు చెప్పాలి."

అతను పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా తగ్గింది.

లోపలి నుంచి సిస్టరమ్మ పిలిచింది. డ్రైవరు లేచి, రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి, ఎవరూ వినకుండా వెనక్కి వంగి నా చెవి దగ్గర అడిగాడు.

"ఏ వేలు బాబాయ్?"

"ఏదైనా పరవాలేదు తమ్ముడూ" అన్నాను.